ప్రాణవాయువు సరే, బొగ్గుపులుసు సంగతేంటి?

చెన్నైలో ఏ పెద్దాసుపత్రి ఊపిరితిత్తుల వార్డు ముందు నిలబడినా తమిళంతో పాటు తెలుగూ వినిపిస్తుంది. నెల్లూరు, సూళ్లూరుపేట, పుత్తూరు వైపు వాళ్లకు ‘మద్రాసుకు తీసుకుపోవడం’ ఇప్పటికీ ఆఖరి మెట్టే. తాంబరం దగ్గర 1928లో పెట్టిన క్షయ శానిటోరియం పేరు రైల్వే స్టేషనుకే ఉండిపోయింది. ఆంధ్రా వైపు నుంచి ఆ స్టేషన్లో దిగిన రోగులు తరాల తరబడి ఉన్నారు.

ఇలాంటి వార్డుల్లో పదేపదే నడిచే గొడవ ఒకటుంది. నలభై ఏళ్లు బీడీలు కాల్చిన పెద్దాయన. రాత్రంతా డొక్కలెగరేసి, పిల్లికూతలతో కూర్చునే తెల్లవార్చి, అంబులెన్సులో వచ్చాడు. ముఖానికి సంచి ఉన్న మాస్కు, నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్. వేలి క్లిప్పులో 98. రాత్రి నడుం వాల్చలేకపోయిన మనిషి ఇప్పుడు కళ్లు మూసుకున్నాడు. కొడుకు మనసు కుదుటపడింది. అంతలో డ్యూటీ డాక్టరు వచ్చి మణికట్టు దగ్గర ధమనిలోంచి కాస్త రక్తం తీశాడు. పెద్ద మాస్కు తీసి ముక్కు గొట్టం పెట్టాడు. రెండు లీటర్లు. అంకె మెల్లగా 90కి దిగింది.

“98 ఉంది కదా సార్, ఎందుకు తగ్గించారు? మా నాయనకి ఇప్పుడే నిద్రపట్టింది.”

రక్తం చీటీ వచ్చాక ఆ నిద్ర ఏమిటో తెలుస్తుంది. పీహెచ్ 7.24. బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) ఒత్తిడి 78. మామూలుగా మొదటిది 7.35, 7.45 మధ్యనా, రెండోది 35, 45 మధ్యనా ఉండాలి. పెద్దాయన మత్తులోకి జారుతున్నాడు. మత్తెక్కిస్తున్నది ఆయన ఒంట్లోనే పుట్టి బయటికి పోలేకపోయిన గాలి.

తెలుగులో ఈ రెండు వాయువుల పేర్లు చూస్తేనే గొడవ మూలం బయటపడుతుంది. ఒకటి ప్రాణవాయువు. పేరులోనే ప్రాణం ఉంది కాబట్టి ఎంత ఎక్కితే అంత మంచిదని ఎవరికైనా అనిపిస్తుంది. రెండోది పాత బడి పుస్తకాల్లోని బొగ్గుపులుసు వాయువు. బొగ్గు మండితే పుట్టేది, నీళ్లలో కలిస్తే పులుపెక్కేది. ఎవరు పెట్టారోగానీ వైద్యులకు ఇంతకంటే పనికొచ్చే పేరు దొరకదు. ఊపిరి సరిగా ఆడనప్పుడు నెత్తురు పులిసేది దీనివల్లే. పీహెచ్ 7.24కి పడిందంటే నెత్తురు పులిసిందనే.

శ్వాస వైఫల్యం అనే ఒక్క మాట కింద రెండు వేరు వేరు చిక్కులున్నాయి. ప్రాణవాయువు నెత్తురులోకి ఎక్కకపోవడం ఒకటి. ధమని రక్తంలో దాని ఒత్తిడి 60 కంటే దిగితే మొదటి రకం అంటారు. బొగ్గుపులుసు బయటికి పోక పేరుకోవడం రెండో రకం. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. వేలి క్లిప్పుకు తెలిసింది మొదటిదే. సిలిండరు సర్దగలిగేదీ మొదటిదాన్నే. రెండోదానికి గాలి ఆడించడం తప్ప మార్గం లేదు.

ప్రతి ఊపిరికీ టోల్‌గేటు

నిమ్మళంగా కూర్చున్న మనిషి ఒక్కో ఊపిరికి సుమారు 500 మి.లీ. గాలి పీలుస్తాడు. అందులో 150 మి.లీ. దాకా ముక్కు, గొంతు, గాలిగొట్టాల్లోనే ఉండిపోయి, నెత్తురును తాకకుండానే తిరిగి బయటికొస్తుంది. లోపలి గాలిగదులకు చేరేది 350. నిమిషానికి 12 ఊపిర్లయితే పీల్చింది 6 లీటర్లు, పనికొచ్చింది 4.2 లీటర్లు.

ఇప్పుడు అలిసిపోయిన మనిషిని చూడాలి. ఛాతీ కండరాలు లాగలేక, పైపైన 250 మి.లీ. చొప్పున నిమిషానికి 24 సార్లు పీలుస్తున్నాడు. మొత్తం అదే 6 లీటర్లు. కానీ టోల్‌గేటు దగ్గర ఏ బండికీ మినహాయింపు లేదు, ఒక్కో ఊపిరికీ 150 కట్టాల్సిందే. మిగిలేది 100. అలా 24 సార్లకు 2.4 లీటర్లు. పక్కన నిలబడ్డ వాళ్లకు గబగబా ఊపిరి తీస్తున్నట్టే కనిపిస్తుంది. లోపలికి చేరేది మాత్రం దాదాపు సగం.

బొగ్గుపులుసు లెక్క చాలా మొండిది. ఒళ్లు ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 200 మి.లీ. తయారుచేస్తూనే ఉంటుంది. గాలిగదులకు చేరే గాలి సగమైతే నెత్తురులో దాని ఒత్తిడి రెండింతలవుతుంది. పై లెక్కలో 4.2 లీటర్లు 2.4కి పడింది కాబట్టి 40 ఉండాల్సింది 70కి చేరుతుంది. బీడీ పొగకో, కట్టెల పొయ్యి పొగకో పాడైన ఊపిరితిత్తిలో ఈ టోలు ఇంకా ఎక్కువ. గాలిగదుల గోడలు, వాటితో పాటు సన్నటి రక్తనాళాలు చితికిపోయి ఉంటాయి. గాలి అక్కడిదాకా వెళ్లినా పలకరించడానికి నెత్తురు ఉండదు.

ఇక్కడ ఓ భాషా చిక్కు కూడా ఉంది. తెలుగువాళ్లు ‘ఆయాసం’ అన్నప్పుడు చెప్పేది ఊపిరి అందకపోవడం. తమిళంలో అదే మాటకు అలసట అని అర్థం. ఊపిరాడకపోతే వాళ్లు ‘మూచ్చు తిణరల్’ అంటారు. చెన్నై క్యాజువాలిటీలో “రెండు రోజులుగా ఒకటే ఆయాసం” అని చెప్పి ఊరుకున్నవాళ్లు, నీరసంగా ఉందన్నట్టే లెక్క. ఇంగ్లిషు రాకపోయినా పర్వాలేదు, ఛాతీ మీద చెయ్యేసి చూపిస్తే సరిపోతుంది.

మాస్కు కప్పెట్టే సంగతి

సముద్రమట్టంలో ఉన్న చెన్నైలో గాలి ఒత్తిడి 760 మి.మీ. పాదరసం. పీల్చిన గాలి గొంతు దాటేసరికి తడిసి, అందులో 47 నీటి ఆవిరికి పోతుంది. మిగిలిన 713లో 21 శాతం ప్రాణవాయువు, అంటే 150. గాలిగదిలో అది బొగ్గుపులుసుతో చోటు పంచుకోవాలి. బొగ్గుపులుసు ఒత్తిడిని 0.8తో భాగించి 150లోంచి తీసేస్తే గదిలో ప్రాణవాయువు ఎంతో తేలుతుంది. మామూలు మనిషికి బొగ్గుపులుసు 40. భాగిస్తే 50. మిగిలేది 100.

కట్లపాము కరిచిన పొలం కూలీ సంగతి తీసుకుంటే ఈ లెక్క ఇంకా తేటగా కనిపిస్తుంది. ఆ విషానికి కండరాలు చచ్చుబడతాయి. ఊపిరితిత్తులు నిక్షేపంగా ఉంటాయి, వాటిని కదిలించే కొలిమితిత్తి ఆగిపోతూ ఉంటుంది. బొగ్గుపులుసు 80కి చేరిందనుకుంటే 150లోంచి 100 పోయి గాలిగదిలో ప్రాణవాయువు 50 మిగులుతుంది. క్లిప్పులో 80 చుట్టుపక్కల అంకె. అందరూ పరుగెత్తుతారు, మంచిదే. ముక్కు గొట్టంతో రెండు లీటర్లు పెడతారు. పీల్చే గాలిలో ప్రాణవాయువు 28 శాతం దాకా పెరుగుతుంది. 713లో 28 శాతం 200. అందులోంచి 100 తీసేసినా 100 ఉంది. క్లిప్పు 97కి ఎగబాకుతుంది.

బొగ్గుపులుసు 80 దగ్గరే ఉంది. కాసేపటికి 90.

కేవలం రెండు లీటర్ల ఆక్సిజన్, ఆగిపోబోతున్న ఊపిరిని క్లిప్పు కళ్లకు కనపడకుండా చేసింది. ఆక్సిజన్ పెట్టడం తప్పు కాదు, పెట్టకపోతే ముందు అదే చంపుతుంది. పెట్టాక అంకె చూసి వెళ్లిపోవడమే తప్పు. ఈ మనిషికి కావాల్సింది విషానికి విరుగుడు మందు, ఊపిరి తన చేతిలోకి తీసుకునే వెంటిలేటరు. సకాలంలో పెడితే, పాడవని ఊపిరితిత్తులు కాబట్టి, కొన్ని రోజుల్లో లేచి కూర్చునే అవకాశం చాలా ఎక్కువ.

గాలి ఒత్తిడి ప్రస్తావన వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. బెంగళూరు సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ గాలి ఒత్తిడి 680 చుట్టుపక్కల. అదే లెక్క వేస్తే గాలిగదిలో ప్రాణవాయువు చెన్నైలో 100 ఉంటే అక్కడ 80 పైచిలుకు. ఆరోగ్యంగా ఉన్నవాడికి తేడాయే తెలియదు. కారణం నెత్తురులో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ తీరు. ఒత్తిడి 100 నుంచి 60కి పడేదాకా శాచురేషన్, అంటే హిమోగ్లోబిన్ నూటికి ఎంత నిండిందో క్లిప్పు చూపే అంకె, 97 నుంచి 90కే తగ్గుతుంది. అక్కడిదాకా చదునైన మిద్దె. 60 దగ్గర పిట్టగోడ. అది దాటితే జారుడే, 40కి 75 శాతం, 27 దగ్గర సగం. పిట్టగోడ ఆనుకుని నిలబడ్డ రోగికి మాత్రం చెన్నైలో రైలెక్కి బెంగళూరులో దిగడం కూడా చిన్న విషయం కాదు.

మడవ తెగిన కాలువ

మళ్లీ బీడీ పెద్దాయన దగ్గరికి. ఆక్సిజన్ ఎక్కువిస్తే ఇలాంటి వాళ్లలో బొగ్గుపులుసు ఎందుకు పెరుగుతుంది? చాలాకాలం ఒకే జవాబు చెప్పేవారు: వీళ్ల మెదడు బొగ్గుపులుసుకు అలవాటుపడిపోయింది, ప్రాణవాయువు కొరతే వీళ్లతో ఊపిరి తీయిస్తోంది, ఆ కొరత తీర్చేస్తే ఊపిరి తీయడం మానేస్తారు అని. ఇందులో కొంత నిజముంది, కానీ అసలు కథ వేరే చోట ఉంది.

పంటకాలువ కింద పొలం ఉన్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. పైరు లేని మడికి నీళ్లు పోకుండా రైతు మడవ కట్టేస్తాడు, నీళ్లు పైరున్న మళ్లకు తిరుగుతాయి. ఊపిరితిత్తి కూడా అంతే. కఫంతో మూసుకుపోయి గాలి ఆడని గదుల్లో ప్రాణవాయువు పడిపోగానే అక్కడి రక్తనాళాలు బిగుసుకుంటాయి. నెత్తురు గాలి ఆడే గదుల వైపు మళ్లుతుంది. ఏళ్ల తరబడి పాడైన ఊపిరితిత్తి ఈ సర్దుబాటుతోనే నెట్టుకొస్తుంది. పది లీటర్ల ఆక్సిజన్ వెళ్లి ఆ మూసుకుపోయిన గదుల్లోనూ ప్రాణవాయువును నింపితే నాళాలు వదులవుతాయి, మడవ తెగుతుంది. గాలి ఆడని గదులకు నెత్తురు పారుతుంది. ప్రాణవాయువు దొరుకుతుంది సరే, బొగ్గుపులుసు దింపుకోవడానికి అక్కడ గాలి కదలదు. ఎక్కిన బొగ్గుపులుసుతోనే నెత్తురు తిరిగి వస్తుంది.

దానికి తోడు ఇంకొకటి. ప్రాణవాయువు లేని హిమోగ్లోబిన్ బొగ్గుపులుసును ఎక్కువగా మోస్తుంది, ప్రాణవాయువు ఎక్కగానే దాన్ని దింపేస్తుంది. స్కాట్లండుకు చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ పేరుతో దీన్ని పిలుస్తారు. మామూలు మనిషి రెండు ఊపిర్లు ఎక్కువ తీసి ఆ దిగిన సరుకును బయటికి నెట్టేస్తాడు. పెద్దాయనకు ఆ రెండు ఊపిర్లు తీసే సత్తువ లేదు.

అందుకే ఇలాంటి వాళ్లకు గురి 98 కాదు, 88 నుంచి 92. ఇది డాక్టర్ల పిసినారితనం కాదు. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో అంబులెన్సులలోనే పరీక్షించి 2010లో ప్రచురించిన అధ్యయనం ఉంది. ఆయాసంతో ఉన్న 405 మందిలో కొందరికి ఎప్పటిలా ధారాళంగా, కొందరికి 88–92 దగ్గర ఆపి ఆక్సిజన్ ఇచ్చారు. ధారాళంగా ఇచ్చినవాళ్లలో 9 శాతం మంది, కొలిచి ఇచ్చినవాళ్లలో 4 శాతం మంది చనిపోయారు. మందు అదే. మోతాదే తేడా.

మోతాదు తగ్గించమన్నారు కదా అని మాస్కు ఒక్కసారిగా పీకేయడం ఇంకా పెద్ద తప్పు. పైన వేసిన లెక్కే మళ్లీ వేస్తే కారణం తెలుస్తుంది. ఈలోగా పేరుకున్న బొగ్గుపులుసు వెంటనే ఖాళీ కాదు, గాలిగదిలో చోటు ఆక్రమించే ఉంటుంది. ఆక్సిజన్ మాత్రం ఠక్కున 21 శాతానికి పడుతుంది. మొదట ఆసుపత్రికి వచ్చినప్పటికంటే కిందికి పోతుంది ప్రాణవాయువు. ప్రాణవాయువు కరువైతే నిమిషాల్లో మనిషి పోతాడు, బొగ్గుపులుసు గంటల వ్యవధి ఇస్తుంది. కాబట్టి డ్యూటీ డాక్టరు తగ్గించింది మెల్లగా, అంకె చూసుకుంటూ. ఆ తర్వాత బైపాప్ తెప్పిస్తాడు. గట్టిగా బిగించే మాస్కు, పీల్చేటప్పుడు ఎక్కువ ఒత్తిడి, వదిలేటప్పుడు తక్కువ ఒత్తిడి. ఆ రెండింటి తేడాయే ఛాతీ కండరాల బరువు మోస్తుంది. 250 మి.లీ. ఊపిరి 400 అయితే, టోలు పోను మిగిలేది 100 నుంచి 250కి పెరిగినట్టు. ఇలాంటి రోగుల్లో చాలామందికి గొంతులో గొట్టం వేసే అవసరం దీనితో తప్పుతుంది.

94 నేర్పిన పాఠం

కొడుకు కోపంలో మాత్రం తప్పు పట్టడానికేమీ లేదు. వేలి క్లిప్పు అంకెను నమ్మడం జనానికి నేర్పింది కరోనా. జపాన్‌లో టకువో అయోయాగి 1974 ప్రాంతంలో కనిపెట్టిన సూత్రం, 2021 వేసవికల్లా ఊరి కిరాణా కొట్టు దాకా వచ్చింది. 94 కంటే తగ్గితే ఆసుపత్రికి పరుగు. ఆ మే నెలలో చెన్నై సెంట్రల్ ఎదుటి రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి ముందు అంబులెన్సులు బారులు తీరి, పడక దొరికేదాకా లోపలే ఆక్సిజన్ పెట్టుకుని జనం ఎదురుచూశారు. అదే నెల 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ట్యాంకరు ఆలస్యమై పైపుల్లో ఒత్తిడి పడిపోయిన కొద్ది నిమిషాల్లో 11 మంది పోయారని అధికారులే ప్రకటించారు. అంత చూసినవాళ్లకు ఆక్సిజన్ తగ్గించే చెయ్యి యముడి చెయ్యిలాగే కనిపిస్తుంది.

అయితే కరోనా ఊపిరితిత్తి చిక్కు ఎక్కువమందిలో మొదటి రకం. గబగబా ఊపిరి తీసి బొగ్గుపులుసును బయటికి నెట్టగలిగేవాళ్లు, నెత్తురులో అది 40 కంటే తక్కువే ఉండేది. వాళ్లకు క్లిప్పు అంకె నిజంగానే దారి చూపింది. ఆ రోజుల్లో కేంద్ర ఆరోగ్య శాఖ చికిత్స పత్రంలోనే 92–96 గురి అని, సీఓపీడీ (పెద్దాయనలా పొగతో ఏళ్ల తరబడి ఊపిరితిత్తులు పాడైన జబ్బు) ఉన్నవాళ్లకు 88–92 అని రెండూ రాశారు. జనంలోకి వెళ్లింది మొదటి ముక్కే.

మొదటి రకంలో కూడా ఆక్సిజన్‌కు ఓ హద్దుంది. న్యుమోనియాలో, ఏఆర్‌డీఎస్‌లో (ఊపిరితిత్తులు ఉన్నట్టుండి వాచి నీరుపట్టే తీవ్ర స్థితి) గాలిగదులు నీటితో, చీముతో నిండిపోతాయి. అక్కడికి చేరిన నెత్తురు 75 శాతంతో వచ్చి 75 శాతంతోనే వెళ్లిపోతుంది. సగం నెత్తురు ఇలా, సగం బాగున్న గదుల్లోంచి నూటికి నూరుతో వచ్చిందనుకుంటే, రెండూ కలిశాక 87, 88. ఇప్పుడు మాస్కులో ఆక్సిజన్ నూరు శాతం చేసినా బాగున్న గదుల నెత్తురుకు కొత్తగా ఎక్కడానికి చోటు లేదు, హిమోగ్లోబిన్ బస్సు నిండిపోయింది. నిండిన గదుల్లోకి గాలి వెళ్లదు. లీటర్లు ఎన్ని పెంచినా అంకె కదలనప్పుడు, సిలిండరు ఖాళీ అయిందేమో అని ముందు చూడాలి; అది కాకపోతే ఇదే. అప్పుడు చేయాల్సింది మూసుకున్న గదులను తెరవడం. ఊపిరి వదిలాక కూడా కాస్త ఒత్తిడి లోపల నిలిపి ఉంచడం, మనిషిని బోర్లా పడుకోబెట్టడం. వెల్లకిలా ఉన్నప్పుడు వీపు వైపు గదులు గుండె బరువుకు, తడిసిన ఊపిరితిత్తి బరువుకు నలిగిపోతాయి. తిరగేస్తే తెరుచుకుంటాయి. వెంటిలేటరు మీదున్న తీవ్ర ఏఆర్‌డీఎస్ రోగులను రోజుకు 16 గంటలకు తగ్గకుండా బోర్లా ఉంచితే 28 రోజుల్లో మరణాలు 32.8 శాతం నుంచి 16 శాతానికి తగ్గాయని 2013లో ఫ్రెంచి వైద్యులు చూపించారు. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత మేలు చేసే పని ఐసీయూలో ఇంకోటి దొరకడం కష్టం. చెయ్యడానికి నలుగురైదుగురు మనుషులు కావాలి, అంతే.

క్లిప్పు గురించి ఇంకొక్క మాట. హిమోగ్లోబిన్ ఎంత ఉందో దానికి తెలియదు. 7 గ్రాములే ఉన్న రక్తహీనత మనిషి 98 శాతంతో మోసే ప్రాణవాయువు, 15 గ్రాములున్న మనిషి 70 శాతంతో మోసేదానికంటే తక్కువ. ఒంటి రంగు ముదురైనవాళ్లలో ఉన్నదానికంటే ఎక్కువ చూపించే గుణం కూడా దానికి ఉందని 2020లో అమెరికాలో తేలింది.

కోపెన్‌హేగెన్‌లో పులిసిన నెత్తురు

ఈ రెండు వాయువుల తగువు ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది 1952లో, డెన్మార్క్ రాజధానిలో. పోలియో పడగ విప్పింది. బ్లెగ్‌డామ్ ఆసుపత్రికి ఊపిరి, మింగుడు పడిపోయిన రోగులు వరసకట్టారు. వాళ్ల దగ్గర ఉన్నది ఒక్క ఇనుప ఊపిరిపెట్టె, ఛాతీకి తొడిగే చిన్న యంత్రాలు ఆరు. మొదట యంత్రాల మీద పెట్టిన 31 మందిలో 27 మంది చనిపోయారు. ఆక్సిజన్ ఇస్తున్నారు, ఒళ్లు నీలంగా మారడం లేదు. అయినా చెమటలు, ఎక్కిన బీపీ, మత్తు, చావు. రక్తంలో బైకార్బనేటు అనే క్షారం పాలు ఎక్కువగా కనిపించేసరికి, నెత్తురుకు క్షారగుణం పెరిగిందని, అదేదో అంతుపట్టని జబ్బని అనుకున్నారు.

మత్తుమందు డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్‌ను పిలిపించారు. ఆయన రోజూ ఆపరేషన్ గదిలో ఊపిరి ఆగిన మనుషుల్ని చేతి సంచితో బతికించేవాడు. ఇది క్షారం కాదు, పులుపు, బయటికి పోని బొగ్గుపులుసే అని గుర్తుపట్టాడు. ఆగస్టు 27న పన్నెండేళ్ల పిల్లకు గొంతు దగ్గర కోసి గొట్టం పెట్టి, సంచి నొక్కి గాలి ఆడించాడు. పిల్ల నిలబడింది. తర్వాత నెలల తరబడి సుమారు 1,500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా మంచాల పక్కన కూర్చుని చేత్తో సంచులు నొక్కారు. మరణాలు 87 శాతం నుంచి క్రమంగా 25 శాతం దరిదాపులకు దిగాయి. ఐసీయూ అనే గది పుట్టుక అక్కడే అంటారు. అదే ఆసుపత్రి ప్రయోగశాలలో పోల్ ఆస్ట్రప్ మొదలుపెట్టిన కొలతలే, ఈరోజు చెన్నైలో పెద్దాయన మణికట్టు సూదికి పూర్వీకులు.

వెంటిలేటరు అంటే మన ఇళ్లలో ‘ఇక అంతే’ అని అర్థం. పైన కథ చూస్తే అది ఎదురీదేవాడికి కాస్త ఆసరా ఇచ్చే దుంగ లాంటిదని తెలుస్తుంది. జబ్బును అది నయం చేయదు, నయమయ్యేదాకా ఊపిరి మోస్తుంది. ఆ మోయడంలోనే గాయమూ చేయగలదు. పాడైన ఊపిరితిత్తిలో తెరిచి ఉన్న భాగం చిన్నపిల్లవాడిదంతే ఉంటుంది, అందులోకి పెద్దవాడి ఊపిరి కొడితే చిరుగుతుంది. ఎత్తును బట్టి లెక్కగట్టిన బరువులో కిలోకు 12 మి.లీ. బదులు 6 మి.లీ. చొప్పున ఇస్తే మరణాలు 39.8 నుంచి 31 శాతానికి తగ్గాయని 2000లో అమెరికా పరిశోధన తేల్చింది. 165 సెం.మీ. మగమనిషికి ఈ లెక్కన ఊపిరి సుమారు 370 మి.లీ. ఆయన కాటా మీద 90 కిలోలు తూగినా అంతే, ఒళ్లు పెరిగితే ఊపిరితిత్తులు పెరగవు కదా. ఈ తక్కువ ఊపిరితో బొగ్గుపులుసు కాస్త పెరుగుతుంది. వెంటిలేటరు మీద ఉన్నంతవరకు ఆ మాత్రం పులుపును డాక్టర్లు తెలిసే ఓర్చుకుంటారు.

లీటర్ల లెక్క

‘రెండు లీటర్లు’ అన్న మాట కూడా చూసినంత సూటిగా ఉండదు. మామూలుగా మనిషి గాలి లాగే వేగం నిమిషానికి 30 లీటర్లు ఉంటుంది. గొట్టం ఇచ్చేది 2. మిగతాది గదిలోని గాలి కలుస్తుంది. ఆయాసంలో లాగే వేగం 60 దాటితే అవే రెండు లీటర్లు ఇంకా పలుచబడతాయి. రోగం ముదిరేకొద్దీ మోతాదు తనంతట తానే తగ్గిపోయే వింత మందు ఇది. బ్రిటన్ వైద్యుడు మోరన్ క్యాంప్‌బెల్ 1960లో వెంచురీ మాస్కు తెచ్చింది ఇందుకే. రంగు రంగుల మూతుల్లో తగిన మూత బిగిస్తే 24 శాతమో, 28 శాతమో, మనిషి ఎలా పీల్చినా అంతే అందుతుంది. పెద్దాయన లాంటివాళ్లకు అంబులెన్సులో ఇదుంటే సగం గొడవ తప్పేది.

అంబులెన్సు సంగతికొస్తే, నెల్లూరు నుంచి చెన్నైకి 175 కిలోమీటర్లు. తడ దాటి, గుమ్మిడిపూండి, రెడ్‌హిల్స్ ట్రాఫిక్ ఈదుకుని వచ్చేసరికి మూడు గంటలు. చిన్న బీ టైపు సిలిండరులో పట్టేది సుమారు 1,500 లీటర్లు. పది లీటర్ల చొప్పున వదిలితే రెండున్నర గంటల్లో ఖాళీ. అంటే చెన్నై పొలిమేరలోనే గేజి ముల్లు సున్నా మీద పడుతుంది. అదే రెండు లీటర్లకు పన్నెండున్నర గంటలు వస్తుంది. పెద్ద డీ టైపులో సుమారు 7,000 లీటర్లు. ఎక్కేముందు డ్రైవరును అడగాల్సింది “ఆక్సిజన్ ఉందా” అని కాదు, ఏ సిలిండరు, ఎన్ని, ముల్లు ఎక్కడుంది అని.

వారం పదిరోజులకు డిశ్చార్జి. గది గాలి పీల్చేటప్పుడు ధమని రక్తంలో ప్రాణవాయువు ఒత్తిడి 55కి లోపే ఉండిపోయేవాళ్లకు రోజుకు కనీసం 15 గంటలు ఇంట్లో ఆక్సిజన్ రాస్తారు. 1980ల తొలినాళ్ల నుంచి ఇది ఆయుష్షు పెంచుతుందని తెలుసు. సాధారణంగా కాన్సన్‌ట్రేటరు కొంటారు. అందులోని జియోలైట్ గింజలు గాలిలోని నత్రజనిని పట్టేసుకుంటే మిగిలేది 90 శాతానికి పైగా ప్రాణవాయువు. కరెంటు పోతే ఆగుతుంది కాబట్టి పక్కన ఓ చిన్న సిలిండరు ఉంచుకోవాలి. ఆ గదిలో దీపం, అగరుబత్తి, ముఖ్యంగా బీడీ ఉండకూడదు. ముక్కు గొట్టంతో బీడీ వెలిగించి ముఖం కాల్చుకున్నవాళ్లు వార్డుల్లో తగులుతూనే ఉంటారు.

చీటీలో ‘1 లీటరు, 88–92’ అని ఉంటుంది. మిషను మీద లీటరు గీత దగ్గర ప్లాస్టరు ముక్క అంటించి, ఇంటికొచ్చే చుట్టాల చేతికి మర అందకుండా చూడడం ఇంట్లోవాళ్ల పని. 89 చూసి కంగారుపడక్కర్లేదు. పెద్దాయన పొద్దున లేస్తూనే తలనొప్పి అంటున్నా, పగలు మాట్లాడుతూ మాట్లాడుతూ తూగుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, చేతులు ముందుకు చాపి, ఆగమన్నట్టు అరచేతులు మణికట్టు దగ్గర వెనక్కి వంచమంటే అవి రెక్కల్లా టపటప కొట్టుకుంటున్నా, క్లిప్పులో 96 ఉన్నా సరే, బండి మాట్లాడుకోవాలి.